కల్తీ పట్టడానికి కొన్న కాఫీ మర

ఉప్పుగూడ మొగులయ్య ఉద్యోగమంతా అనుమానించడంతోనే గడిచింది. సిటీ బస్సుల్లో టికెట్లు తనిఖీ చేసే ఇన్‌స్పెక్టర్‌గా పనిచేశాడు. చాంద్రాయణగుట్ట చౌరస్తాలో స్తంభం చాటున నిలబడి, బస్సు ఆగీ ఆగకముందే వెనక తలుపు నుంచి ఎక్కేవాడు. నిద్ర నటించేవాళ్లను, ఫోన్‌లో అవతల ఎవరూ లేకుండానే మాట్లాడేవాళ్లను, పాసు ఇంట్లో మరిచిపోయామనేవాళ్లను చూసి చూసి, ఎదుటి మనిషి నోరు తెరవకముందే ఏం దాస్తున్నాడో వెతకడం అలవాటైపోయింది. నకిలీ పాసును కళ్లతో కాదు, వేళ్లతో పడతాడని డిపోలో పేరు. కాగితాన్ని రెండు వేళ్ల మధ్య ఒకసారి రుద్ది, "దిగు" అనేవాడు.

రిటైరయ్యాక బస్సులు పోయాయి. అనుమానం ఇంట్లోనే ఉండిపోయింది. పాలవాడు నీళ్లు కలుపుతాడని, గ్యాస్ బండ తెచ్చేవాడు బరువు తక్కువది అంటగడతాడని, బోనాల చందాకు వచ్చిన బస్తీ కుర్రాళ్లు రసీదు బుక్కులు రెండు పెట్టుకున్నారని అతని నమ్మకం. భార్య రాజమణి తెచ్చిన కూరగాయలను కూడా ఇంట్లో మళ్లీ తూస్తాడు. ఆమె దీన్ని వానాకాలంలో ఈగలను భరించినట్టు భరిస్తుంది.

ఈ అనుమానం సోకని మనిషి ఊళ్లో ఒక్కడే ఉండేవాడు. ఉస్మాన్‌గంజ్‌లో మసాలా దినుసులు, కాఫీ పొడి అమ్మే దస్తగీర్.

మొగులయ్యకు కాఫీ అలవాటు ఉద్యోగంలోనే అయింది. తెల్లవారుజామున డ్యూటీ ఎక్కేముందు అఫ్జల్‌గంజ్ బస్టాండు దగ్గర ఒక చిన్న హోటల్లో ఫిల్టర్ కాఫీ దొరికేది. స్క్వాడ్‌లో మిగతావాళ్లంతా చాయ్ తాగితే ఇతనొక్కడే కాఫీ తాగేవాడు. హోటల్ మూతపడ్డాక, వాళ్లకు పొడి ఇచ్చేదెవరో కనుక్కుని దస్తగీర్ దుకాణానికి వెళ్లాడు. దుకాణంలో పాత ఇనుప మర ఒకటి ఉంది. గింజలు కళ్లముందే పోసి, ఆడించి, అడిగినంత చికోరీ కలిపి వేడివేడిగా పొట్లం కట్టి ఇస్తారు. కళ్లముందు జరుగుతుంది కాబట్టే మొగులయ్య నమ్మాడు. నమ్మాక స్నేహమైంది. రిటైరయ్యాక పొడి అయిపోయినా అయిపోకపోయినా వెళ్లి మర పక్కన స్టూలు మీద కూర్చునేవాడు. పాత డిపో కబుర్లు చెప్పడానికి అతనికి మిగిలిన చోటు అదొక్కటే.

ఈ ఏడాది ఎండాకాలం మొదట్లో కాఫీ తేడా కొట్టడం మొదలైంది. డికాషన్ గబగబా దిగిపోతోంది. రంగు ఉంటుంది, పస ఉండదు. మొగులయ్య పొడి ఎక్కువేశాడు, నీళ్లు తగ్గించాడు, పాలవాణ్ణి మార్చాడు. లాభం లేదు.

"నీ నాలుక ముసలిదైంది," అంది రాజమణి.

"నా నాలుక మంచిగనే ఉంది. పొడిలనే ఏదో ఉంది."

ఆ మాట ఇంట్లో ఆగిపోతే సరిపోయేది. అతను దాన్ని ఉస్మాన్‌గంజ్ దాకా మోసుకెళ్లాడు. దుకాణంలో నలుగురు గిరాకీలు ఉన్నారు. మొగులయ్య వాళ్లను చూశాడు, అయినా గొంతు తగ్గించలేదు.

"దస్తగీర్ భాయ్, పొడిల ఏం కలుపుతున్నవ్?"

దస్తగీర్ నవ్వాడు. "క్యా మొగులన్నా, పొద్దుపొద్దున్నే మజాకా?"

"మజాకా గాదు. చికోరీ ఎక్కువేస్తున్నవా, చింతగింజలు ఏస్తున్నవా? కాఫీ కడుగునీళ్ల లెక్కుంటుంది."

పసుపు పొట్లం చేతిలోకి తీసుకున్న ఒకాయన దాన్ని మళ్లీ బల్లమీద పెట్టాడు. పెట్టి, బయటికి నడిచాడు. దస్తగీర్ ముఖంలో నవ్వు పోయింది. తండ్రి కాలం నుంచి నడుస్తున్న దుకాణం అది. బోర్డు కూడా లేదు, పేరు మీదే నడుస్తోంది.

"ఇగో, గింజల బస్తాలు," అన్నాడు. "ఏ బస్తాలకెల్లి కావాలో నువ్వే చూపెట్టు. చికోరీ అలగ్ కట్టిస్త. ఇంటికి తీస్కపో. నీ చేతుల్తోనే ఆడించుకో, నువ్వే కలుపుకో. కాఫీ మంచిగొచ్చిందనుకో, ఈడికే వచ్చి, ఇట్లనే నలుగుర్ల నిలబడి, దస్తగీర్ చోర్ అని చెప్పు. షటర్ నేనే దించుత. రాలేదనుకో, నా దుకాణంల కల్తీ లేదని గదే నలుగుర్ల చెప్పాలె."

"చెప్త."

"చెప్పేదాంక ఈ స్టూలు మీద కూసునుడు లేదు."

మొగులయ్య మూడో బస్తా చూపించాడు. దస్తగీర్ ముందు బస్తాలోంచి తీయబోతాడేమోనని దగ్గరికెళ్లి నిలబడ్డాడు. గింజల పొట్లానికి దారం తనే కట్టాడు.

ఇంట్లో గింజలున్నాయి కానీ మర లేదు. రాజమణి మిక్సీ చిన్న గిన్నె తెచ్చి పెట్టింది. మొగులయ్య దాని మూత తీసి వాసన చూశాడు. ధనియాలు, లవంగాలు, ఎప్పటిదో ఎండు కొబ్బరి.

"గిందుల ఆడిస్తే కాఫీ గాదు, కూరైతది. పోయి దస్తగీర్‌కు ఏం చెప్పాలె? మిక్సీల మసాలా ఉండె, అందుకే తెలుస్తలేదని చెప్పాల్నా? సాక్ష్యం సాఫ్‌గ ఉండాలె."

కూతురు వీణ ఒక బ్యాంకు కాల్ సెంటర్లో పనిచేస్తుంది. ఫోన్ తీసి కాఫీ గ్రైండర్లు చూపించింది. ఒకదాని కింద వందల మంది మెచ్చుకుంటూ రాశారు.

"చూడు బాపు, అందరు ఫైవ్ స్టార్ ఇచ్చిన్రు."

"అందరా? ఒక్కడన్న తిట్టలేదా?"

"లేదు."

"అయితే అందరు ఒక్కడే. బస్సుల యాభై మందుంటే ఒకడన్న టికెట్ తీసుకోనోడు ఉంటడు బిడ్డా."

అలా ఫోన్ పక్కకు పోయింది. మొగులయ్య కొన్ని గింజలు చొక్కా జేబులో వేసుకుని అఫ్జల్‌గంజ్ బస్సెక్కాడు. అక్కడ వెనక సందులో మిక్సీలు, గ్రైండర్లు అమ్మే దుకాణం ఉంది. దాన్ని నడిపే ప్రేమ్‌రాజ్ మాటకారి. పాతికేళ్లవాణ్నీ ముసలివాణ్నీ ఒకే నవ్వుతో లోపలికి పిలుస్తాడు. మొగులయ్యకు ఆ నవ్వే నచ్చలేదు.

"అంకుల్, కాఫీ ఎట్ల తాగుతరు మీరు?"

"నోటితోని."

"అది కాదంకుల్. ఫిల్టర్‌లనా, పాలల్ల మరిగిస్తరా?"

"నీకెందుకు?"

"దాన్ని బట్టే మర చూపెట్టాలె. ఒక్కొక్క కాఫీకి ఒక్కొక్క తీరు పొడి."

తన అలవాట్లు అడిగి, జేబు ఎంత లోతో కొలుస్తున్నాడని మొగులయ్యకు అనిపించింది. అయినా చెప్పాడు. ఫిల్టర్. డికాషన్ మెల్లగా దిగాలి. చిక్కగా ఉండాలి. చేదు నాలుక మీద తెలియాలి కానీ గొంతులో పట్టుకోకూడదు.

ప్రేమ్‌రాజ్ బల్లమీద మూడు పెట్టాడు. మొదటిది చిన్న డబ్బా, లోపల మిక్సీకి ఉన్నట్టే బ్లేడు. "ఇది మిక్సీకి తమ్ముడంకుల్. గింజను కొడ్తది, నూరదు. కొంత పిండైతది, కొంత పలుకులు మిగుల్తయ్. ఫిల్టర్‌కు కష్టం." రెండోది చేత్తో తిప్పేది. పళ్లున్న రెండు ముక్కలు ఒకదానిలో ఒకటి తిరుగుతూ మధ్యలో పడ్డ గింజను నలుపుతాయి. పొడి అంతా ఒకే తీరుగా వస్తుంది. మూడోది కూడా అలాంటిదే, కాకపోతే కరెంటు మీద నడుస్తుంది. పైన ఒక చక్రం ఉంది. ఇటు తిప్పితే సన్నగా, అటు తిప్పితే బరకగా వస్తుంది.

"చౌకదానికి ఇన్ని ఒంకలు చెప్తున్నవ్. పిరమైనదానికి ఒక్కటి చెప్తలేవ్," అన్నాడు మొగులయ్య.

"చౌకదే తీస్కోర్రి అంకుల్, నాకేంది? ఓ నెలకు మళ్ల మీరే వస్తరు, నన్నే తిడ్తరు."

మొగులయ్య జేబులోంచి గింజలు తీసి బల్లమీద పోశాడు. "ఆడించి చూపెట్టు."

"డెమో పీసులున్నయ్, వాటిల్ల చూపెడ్త."

"వాటిల్ల కాదు. నేను కొనేదాంట్ల."

"కొత్తదాంట్ల ఆడిస్తే, మీరు వద్దని పోయిన్రనుకోర్రి, నేను దాన్ని ఎవరికమ్మాలె?"

"అంటే ఇంతకుముందు వద్దని వాపస్ ఇచ్చినోళ్లయి ఎవరికమ్మినవ్?"

ప్రేమ్‌రాజ్ జవాబు చెప్పడానికి ఒక క్షణం ఎక్కువ తీసుకున్నాడు. మొగులయ్యకు ఆ క్షణం చాలు. పాసు అడిగినప్పుడు జేబులు తడుముకునేవాళ్లు తీసుకునే సమయం అది.

"అంకుల్, మీరు పోలీసా?"

"ఆర్టీసీ."

చివరికి డెమో పీసుల్లోనే ఆడించారు. మొగులయ్య మూడు పొడులనూ కాగితం మీద పోయించి, ఒక్కోదాన్ని వేళ్ల మధ్య రుద్ది చూశాడు. బ్లేడుది నిజంగానే సగం ధూళి, సగం పలుకు. చేతి మర పొడి బాగుంది, కానీ కొన్ని గింజలకే భుజం పట్టేసింది. రాజమణి చేత రోజూ అది తిప్పించడం జరిగే పని కాదు. మూడోదానిలో ప్రేమ్‌రాజ్ చక్రాన్ని మధ్యకు కొద్దిగా ఇవతల పెట్టాడు. "మైదా అంత సన్నగ వద్దు, ఉప్మా రవ్వంత బరక వద్దు. మీరు చెప్పిన కాఫీకి ఈ నడుమల ఉండాలె." పొడి వేళ్లకు మెత్తగా తగిలి, చివర్లో సన్నటి ఇసుకలా గీసింది. ధర విని మొగులయ్య దుకాణం బయటికి వెళ్లి, మళ్లీ వచ్చి, కొన్నాడు.

ఇంటికొచ్చి డబ్బా తెరిచే ముందు దాన్ని అన్ని వైపులా తిప్పి చూశాడు.

"టేపు చూడు. రెండోసారి ఏసినట్టు లేదూ? ఎవడో వాడి వాపస్ చేసిందే మనకంటగట్టిండు. రాజమణీ, మంచిగ సాఫ్ చేసినాకనే వాడు. ఎవని చేతులు పడ్డయో ఏమో."

"చేస్త తియ్యి," అంది రాజమణి.

మరునాడు పొద్దున గింజలు కొలిచి ఇచ్చాడు. ఆమె ఆడించి పొడి తెచ్చింది. చికోరీ తనే కలిపాడు. ఫిల్టర్‌లో వేసి, వేడి నీళ్లు పోసి, ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

డికాషన్ దిగలేదు. ఫిల్టర్‌ను తట్టాడు. మూత తీసి చూస్తే నీళ్లు పోసినంత పోసినట్టే ఉన్నాయి. చాలాసేపటికి అడుగున కాస్త చేరింది. అది గంజిలా చిక్కగా, జిగటగా ఉంది. పాలల్లో కలిపి తాగాడు. కాఫీ వాసన ఉంది, వెనకాల ఏదో సప్పటి పిండి రుచి.

"మస్తు సన్నగైతే దిగదంట బాపు. చక్రం జరంత బరక దిక్కు తిప్పు," అంది వీణ.

తిప్పాడు. మర్నాడు కాస్త నయం, కానీ అదే జిగట. ఇంకా తిప్పాడు. జిగట పోలేదు. మొగులయ్యలో పాత ఇన్‌స్పెక్టర్ లేచి కూర్చున్నాడు. పొడిలోనే కాదు, గింజలకు కూడా దస్తగీర్ ఏదో పూత పూయిస్తున్నాడా? లేక ప్రేమ్‌రాజ్ అంటగట్టిన మరలోనే ఉందా మాయ? ఇద్దరిదీ ఒకే బజారు. ఇద్దరూ కలిసి ఉండొచ్చన్న ఆలోచన కూడా వచ్చింది. మరను డబ్బాలో పెట్టి, చింపిన టేపుతో సహా సంచిలో వేసుకుని, మళ్లీ అఫ్జల్‌గంజ్ బయల్దేరాడు.

ప్రేమ్‌రాజ్ గొడవ పెట్టుకోలేదు. మర పై భాగం విప్పి, లోపలి పళ్ల ముక్కను బయటికి తీసి, బ్రష్షుతో దులిపాడు. కాగితం మీద గోధుమ రంగు పొడితో పాటు తెల్లటి పిండి రాలింది. పళ్ల సందుల్లో ఇరుక్కున్న తెల్లటి నూకలు కూడా.

"అంకుల్, దీంట్ల బియ్యం ఏసిన్రా?"

"కాఫీ మరల బియ్యమెందుకేస్త? మతి పోయిందా నాకు?"

"మరి గిదేంది?"

"నన్నడుగుతవేంది? ముందుగాల కొన్నోడు ఏసిండు. నేననలే? ఇది వాపస్ పీసు. ఇగో టేపు, రెండోసారి ఏసిన టేపు. దొరికినవ్ నువ్వు!"

గొంతు లేచేసరికి పక్క దుకాణాల వాళ్లు గుమ్మంలోకి వచ్చారు. ప్రేమ్‌రాజ్ చేతులు జోడించాడు. "అంకుల్, లొల్లి చేయకుర్రి. కావాలంటే పీసు మార్చి ఇస్త. ఒక్కసారి ఇంటికి ఫోన్ చేసి అడుగుర్రి, అంతే."

అడగమన్నందుకే మొగులయ్యకు పట్టుదల వచ్చింది. సాక్ష్యం అందరికీ వినిపించాలని స్పీకర్ పెట్టి మరీ భార్యకు ఫోన్ చేశాడు.

"రాజమణీ, కాఫీ మరల మనం బియ్యం గిట్ల ఏసినమా? ఏయలేదని గట్టిగ చెప్పు, ఈడ అందరు ఇంటున్రు."

"ఏసిన కదా," అంది రాజమణి.

గుమ్మంలో ఎవరో నోరు మూసుకున్నారు, నవ్వు ఆగక.

"నువ్వేసినవా? ఎందుకు?"

"నువ్వే అంటివి కద సాఫ్ చేసినాకనే వాడుమని. మోటర్ ఉన్నదాన్ని నల్ల తిప్పి నీళ్ల కింద పెట్టుమంటవా? గిర్నీకి పోతే మన పిండి పట్టించే ముంగట గుప్పెడు బియ్యం ఏసి ఆడిపించి పారబోస్తం కద, ముందోళ్ల కారంపొడి అంటకుండ. గట్లనే ఏసిన. రోజు ఏస్తున్న."

"రోజా?"

"ఎవని చేతులు పడ్డయో అని రోజు నువ్వే అంటుంటివి. నాకేం తెల్వది, నేను రోజు సాఫ్ చేస్తున్న."

ప్రేమ్‌రాజ్ ఫోన్ వైపు వంగి, "అమ్మా, మీరు మస్తు సాఫ్ మనిషి," అన్నాడు. పచ్చి బియ్యం పిండి పళ్లల్లో ఇరికి, కాఫీ పొడితో కలిసి, వేడి నీళ్లు తగలగానే గంజి అయిపోతోందని చెప్పాడు. మరను పూర్తిగా విప్పి, బ్రష్షు పెట్టి శుభ్రం చేసి, ఆ బ్రష్షు కూడా సంచిలో వేసి ఇచ్చాడు. మొగులయ్య మెట్లు దిగుతుంటే గుమ్మంలోంచి ఎవరో అన్నారు: "ఇన్‌స్పెక్టర్ సాబ్, కల్తీ చేసినోళ్లు దొరికిన్రా?"

అతను వెనక్కి చూడలేదు. ఆ టేపు సంగతి మాత్రం ఇప్పటికీ తేలలేదంటాడు.

మరునాడు మర బియ్యం లేకుండా తిరిగింది. చక్రం ప్రేమ్‌రాజ్ మొదట పెట్టిన చోటే పెట్టారు. డికాషన్ చుక్కచుక్కగా దిగింది, నల్లగా, చిక్కగా. మొగులయ్య మొదటి గుక్క తాగి కప్పు కింద పెట్టాడు. మళ్లీ తీసుకున్నాడు. ఎండాకాలం ముందు తాగిన కాఫీ అదే. దస్తగీర్ గింజలు, దస్తగీర్ చికోరీ, ఇంట్లో ఆడించిన పొడి. దుకాణం పొడి బాగోలేదు, ఇంటి పొడి బాగుంది. నలుగురిలో ఒప్పుకున్న షరతు ప్రకారం దస్తగీర్ దొంగ.

"గెలిచినవ్ కద బాపు," అంది వీణ. "పోయి చెప్పు మరి."

మొగులయ్య ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నాడు. చెప్పులేసుకున్నాడు. గడప దగ్గర ఆగాడు.

కేసు మరీ సులువుగా తేలిపోయింది. సులువుగా దొరికినవాణ్ణి అతను ఎప్పుడూ నమ్మలేదు. టికెట్ లేదని తనంతట తనే లేచి ఒప్పుకునేవాడు సాధారణంగా వెనక సీట్లో ఇంకెవరినో కాపాడుతుంటాడు. ఇరవై ఏళ్లకు పైగా కళ్లముందు పొడి ఆడించినవాడు ఏం కలిపాడు, ఎప్పుడు కలిపాడు, తన కళ్లు ఎక్కడున్నాయి? ఈ ప్రశ్నకు కప్పులో కాఫీ జవాబు చెప్పలేదు.

లోపలికి వెళ్లి, దుకాణం నుంచి చివరిసారి తెచ్చిన పొడి డబ్బా తీశాడు. అడుగున కాస్త మిగిలింది. చిటికెడు తీసి ఒక చేతి వేళ్ల మధ్య రుద్దాడు. ఇంటి పొడిని రెండో చేతి వేళ్ల మధ్య రుద్దాడు. దుకాణం పొడి గరగరలాడింది. రవ్వ అంత కాదు కానీ దానికి దగ్గర. ఇన్ని నెలలు చెంచాతో తీసి వేశాడు తప్ప, వేలు పెట్టి చూడలేదు.

మర చక్రాన్ని బరక వైపు కొంచెం కొంచెం జరుపుతూ, ఒక్కోసారి కాసిన్ని గింజలు ఆడిస్తూ, వేళ్లతో పోల్చుకుంటూ వెళ్లాడు. ఒకచోట రెండు పొడులూ వేళ్లకు ఒకటే అనిపించాయి. ఆ పొడితో కాఫీ పెట్టాడు. డికాషన్ గబగబా దిగింది. తాగాడు. కడుగునీళ్లు.

అవే గింజలు, అదే చికోరీ. ఏమీ కలపకుండానే ఇంట్లో కల్తీ కాఫీ తయారైంది. నూరుడు బరకైతే నీళ్లు గింజలోని సారాన్ని లాగకుండానే జారిపోతున్నాయి. దుకాణంలో ఖరాబైంది మర, మనిషి కాదు.

"అయితే ఓడినవా?" అడిగింది రాజమణి.

"నాలుక ఓడలేదు."

"నోరు ఓడింది కద."

అతను రెండు పొడులనూ రెండు కాగితాల్లో పొట్లాలు కట్టి జేబులో పెట్టుకున్నాడు.

ఉస్మాన్‌గంజ్ వెళ్లడానికి మధ్యాహ్నం పూట ఎంచుకున్నాడు. గిరాకీ పలచగా ఉండే వేళ. దుకాణంలో దస్తగీర్ ఒక్కడే ఉన్నాడు. మొగులయ్యను చూశాడు, దుకాణం బయటా ఇటూ అటూ చూశాడు.

"మస్తు హుషారు నువ్వు మొగులన్నా. ఎవరు లేని యాళ్ల చూసి వచ్చినవ్."

"భాయ్, ముందుగాల ఇది చూడు," అంటూ మొగులయ్య పొట్లాలు తీశాడు.

"ఏం చూడ. అన్ననాడు నలుగురున్నరు. గిరాకీ రానీ, అప్పుడు చెప్పు. ఏం చెప్తవో చెప్పు. అందాక నిలబడు."

నిలబడ్డాడు. ఎవరూ రాలేదు. ఫ్యాను తిరిగింది. దస్తగీర్ మిరియాలు ఏరుతూ తల ఎత్తలేదు. మొగులయ్యకు, తను వస్తాడని తెలిసి గిరాకీని రావద్దన్నాడా అని కూడా ఒక ఆలోచన వచ్చి పోయింది. చివరికి ఖదీజా వచ్చింది. శాలిబండ వైపు నుంచి వచ్చే పాత గిరాకీ, పెళ్లిళ్లకు వంట చేసే మనిషి. ధనియాలు అడిగింది. దస్తగీర్ తూచి, పొట్లం కట్టి ఆమె చేతికిచ్చి, మొగులయ్య వైపు తిరిగాడు.

"ఆఁ. ఇప్పుడు చెప్పు."

మొగులయ్య గొంతు సవరించుకున్నాడు. "ఈ దుకాణంల కల్తీ లేదు."

ఖదీజా సంచి సర్దుకుంటున్నదల్లా ఆగింది. "ఉందని ఎవరన్నరు?"

"నేనే అన్న. తప్పన్న."

"అచ్ఛా," అంది ఆమె. ఒక క్షణం ఆలోచించింది. పొట్లం విప్పి, ధనియాలు అరచేతిలో పోసుకుని వాసన చూసింది. వేలితో అటూ ఇటూ కెలికింది. "దస్తగీర్ భాయ్, ఇది ఎప్పటి మాలు?"

"యా అల్లా! మొన్న వచ్చిన మాలు అమ్మా, కొత్త మాలు!"

"కాదు, ఊకెనే అడిగిన. ఈయన ఏదో అంటుండు కద." ఆమె రెండు గింజలు నోట్లో వేసుకుని నమిలి, ఇంకా ఏదో అనుమానంగానే పొట్లం మడుచుకుని వెళ్లిపోయింది.

దస్తగీర్ ఆమె సందు మలుపు తిరిగేదాకా చూశాడు. "చూసినవా నీ మాఫీ? చోర్ అన్ననాడు ఒకడు పోయిండు. కాదన్ననాడు ఈమె పోతుండె. దండం పెడ్త మొగులన్నా, ఇగ నా గురించి నలుగుర్ల ఏం చెప్పకు. మంచిగ చెప్పకు, చెడ్డగ చెప్పకు."

"చెప్ప. ఇప్పుడన్న ఇది చూడు."

ఈసారి దస్తగీర్ చూశాడు. మొగులయ్య రెండు పొట్లాలూ విప్పి, ఏది ఏదో చెప్పకుండా, రెండింటినీ వేళ్లతో రుద్దమన్నాడు. దస్తగీర్ రుద్దాడు. ముఖం చిట్లించాడు. బరకగా ఉన్నది తన దుకాణానిదని విన్నాక, "నా మర పొడి గిట్లుండదు," అన్నాడు. అన్నాక లేచి, మర కింద డబ్బాలో మిగిలిన పొడి చిటికెడు తీసి రుద్దాడు. తర్వాత బల్ల కింద నుంచి పాన తీసి మర ముందు మూత బోల్టులు విప్పడం మొదలుపెట్టాడు. ఒక బోల్టు కదలకపోతే మొగులయ్య మూతను పట్టుకున్నాడు.

లోపల రెండు ఇనుప బిళ్లలు. వాటి మీద చెక్కిన గాడులు ఉండాలి, గింజను నూరేవి అవే. దస్తగీర్ బొటనవేలు పెట్టి గీశాడు. వేలు ఎక్కడా ఆగకుండా జారింది. నాణెం మీద బొమ్మ అరిగిపోయినట్టు అరిగిపోయాయి.

"ఎప్పుడరిగినయ్ ఇవి?" అన్నాడు తనలో తనే.

"ఇన్నొద్దుల సంది ఒక్క గిరాకీ కూడ అనలేదా నీకు?"

"ఎవరంటరు? ఈడ అందరు పొడి పాలల్ల ఏసి మస్తు మరిగిస్తరు. మరిగిస్తే బరక తెలుస్తదా? ఫిల్టర్‌ల పోసుకుని దాని ముంగట కూసునేటోడివి నువ్వొక్కనివే." దస్తగీర్ బిళ్లను గుడ్డతో తుడిచాడు. "అరిగినయని చెప్తే అయిపోతుండె. చోర్ అంటివి."

"చోర్ అనలేదు. ఏం కలుపుతున్నవని అడిగిన."

"రెండు ఒకటే."

కొత్త బిళ్లలు ఎవరి దగ్గర దొరుకుతాయో, ఎవరు బిగిస్తారో దస్తగీర్ అటూ ఇటూ రెండు ఫోన్లు చేశాడు. రావడానికి కొన్నాళ్లు పడుతుందన్నారు. ఫోన్ పెట్టేసి, స్టూలును కాలితో మొగులయ్య వైపు తోశాడు. కూర్చోమని నోటితో చెప్పలేదు. మొగులయ్య కూర్చున్నాడు.

"నీ ఇంట్లనే మరున్నది కద. ఇగ నీకు పొడెందుకు? గింజలే తీస్కపో."

"ఇయ్యి."

దస్తగీర్ బస్తాలోంచి గింజలు తీసి కరెంటు తరాజు మీద పోశాడు. తరాజులో అంకెలు కనపడే వైపు అతని దిక్కే ఉంది. మొగులయ్య మెడ సాచాడు. దస్తగీర్ అది చూశాడు. చూసి, నిట్టూర్చి, తరాజును పూర్తిగా మొగులయ్య వైపు తిప్పాడు.

ఇంకొకడైతే పర్లేదనేవాడు. మొగులయ్య స్టూలు మీద నుంచి లేచి, వంగి, అంకెలు జాగ్రత్తగా చదివాడు.

"పళ్లెం మీదికెల్లి చెయ్యి తియ్యి భాయ్," అన్నాడు.

దస్తగీర్ రెండు చేతులూ పైకెత్తాడు.